జావా బోను: ఒక విమర్శ

ఊరివారందరి కొరకు ఒకరు నుయ్యి త్రవ్వించిరి. నీరెవరైన తోడుకొనవచ్చును. కాని చేదయు చేంతాడును మరియొకరి యింట తాళము క్రింద నున్నవి. ఈ నుయ్యి ఊరిదా, చేంతాడు గలవానిదా? 2004 ఏప్రిలులో రిచర్డు స్టాల్మన్ ప్రకటించిన ‘స్వేచ్ఛయే గాని సంకెళ్ళతో: జావా బోను’ అను చిన్న వ్యాసము కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున ఇట్టి ప్రశ్ననే వేసినది.

ప్రోగ్రామును మనుష్యులు వ్రాసిన రూపమునకు సోర్సు కోడని పేరు. దానిని చదువుటకు, మార్చుటకు, పంచుటకు అందరికిని లైసెన్సు ద్వారా అనుమతి నిచ్చినచో అది స్వేచ్ఛా సాఫ్టువేరు. అయితే ప్రోగ్రాము సాధారణముగ ఒంటిగా నడువదు; ఇతరులు వ్రాసియుంచిన లైబ్రరీలపై ఆధారపడును. ఆ లైబ్రరీని యజమాని తన గుప్పిట నుంచుకొన్నచో, పై ప్రోగ్రామునకు ఎంత ఉదారమైన లైసెన్సున్నను ఫలము కుంటుపడును. సన్ మైక్రోసిస్టమ్సు సంస్థ 1995లో వెలువరించిన జావా 2004లో ఈ స్థితియందే యుండెను.

వ్యాసమున మిక్కిలి విలువైనది, బోనులో పడుట ఎట్లు జరుగునో చెప్పిన భాగము. తెలిసి ఎవరును పడరు. ప్రోగ్రాము వ్రాయువాడు సన్ వారి జావాతో పని సాగించును. స్వేచ్ఛా జావాలో ఇంకను లేని సౌకర్యమొకటి తన కోడులో చేరినదని అతడెరుగడు. ఏలన, తన యెదుట అన్నియు చక్కగానే నడచుచున్నవి. తెలియునప్పటికి నెలల శ్రమ దానిపై పేరుకొని యుండును. కావున మొదటినుండియు, అసంపూర్ణమైనను, స్వేచ్ఛా జావాతోనే పరీక్షించుచు వ్రాయుడని స్టాల్మన్ సలహా. ప్రయోగము ముగిసిన పిదప త్రాసు తప్పని కనుగొనుట ఎట్టిదో ఎరిగిన ఉపాధ్యాయులు దీనిని వెంటనే మెచ్చుకొందురు. పని రేపటికే కావలసినవానికి మాత్రము ఇది కఠినమైన సలహాయే.

ఒక తావున వ్యాసము మరీ తేలికగా సాగిపోయినది. పూర్వోదాహరణములలో ఒకటిగ అది క్యూట్ లైబ్రరీని పేర్కొనును. 1996లో ఆరంభమైన కె.డి.ఇ. అను ప్రోగ్రాముల సముదాయము, ట్రోల్‌టెక్ అను నార్వే సంస్థవారి ఆ క్యూట్ లైబ్రరీపై నిలిచినది. కె.డి.ఇ.లో చాల భాగమునకు జి.పి.ఎల్. అను లైసెన్సుండెను. ప్రోగ్రామును పంచువారు దానితో కలిసిన భాగములను గూడ అవే షరతులపై పంచవలెనని ఆ లైసెన్సు నియమము. క్యూట్ లైసెన్సు అందులకు ఒప్పదు. అనగా, ప్రోగ్రాము వ్రాసినవారు పెట్టిన లైసెన్సే దానిని ఇతరులు పంచుటకు అడ్డు వచ్చినది! లినక్సుతో డెబియన్ అను వ్యవస్థను కూర్చువారు 1998 అక్టోబరులో ఈ కారణముననే కె.డి.ఇ.ని తొలగించిరి. 2000 సెప్టెంబరులో క్యూట్‌కును జి.పి.ఎల్. వర్తింపజేయుటతో ఈ చిక్కు తీరినది. వ్యాసము నీతివైపే చూచినది గాని, న్యాయశాస్త్ర సంబంధమైన ఈ ముడిని విప్పి చూపలేదు. విద్యార్థికి నీతికంటె మొదట తెలియవలసినది ఈ ముడియే.

మరియొక సంగతి వ్యాసము వెలువడిన తరువాతది. 2006 నవంబరులో సన్ సంస్థ జావాను జి.పి.ఎల్. క్రింద విడుదల చేయుదుమని ప్రకటించి, 2007 మేలో చాల భాగమును ఇచ్చెను. కాని సుమారు 4 శాతము ఇవ్వలేకపోయెను. అక్షరరూపములను గీయు భాగము, ధ్వనికి సంబంధించిన భాగము మున్నగునవి సన్ వారివి కావు, ఇతరుల సొత్తు. బోను కట్టినవాడును ఒక బోనులోనే యుండెనన్నమాట. రెడ్ హ్యాట్ సంస్థవారు 2007 జూనులో ఐస్‌డ్‌టీ అను పేర ఆ ఖాళీలను పూరింప మొదలిడిరి. అందుకు వారికి అక్కరకు వచ్చినది, అంతవరకు అసంపూర్ణమని పలువురు ప్రక్కకు నెట్టిన గ్నూ క్లాస్‌పాత్ అను స్వేచ్ఛా జావా లైబ్రరీ. 2008 జూనునాటికి ఆ కూర్పు జావా ప్రమాణ పరీక్షలలో నెగ్గినది.

జావా భాష ఇక బోను కాదని తెలుపు సూచన నొకదానిని స్టాల్మన్ తరువాత వ్యాసమునకు ముందు చేర్చెను. శీర్షికను మాత్రము మార్చలేదు.