ఆగిన చదువుకు దుర్గాబాయి వేసిన దారి

తడ, సూళ్లూరుపేట వైపు పెద్దల జ్ఞాపకార్థం ఏదైనా చేయదలచినవాళ్లు అన్నదానం చేస్తారు, లేదా బడిలో ఫస్టు వచ్చిన పిల్లలకు బహుమతి ఇస్తారు. రెండూ మంచి పనులే. కానీ మాంబట్టు బూట్ల పరిశ్రమలోనో శ్రీసిటీలోనో షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, ఎన్నడో ఆగిన పదో తరగతి మళ్లీ రాయాలనుకునే ఆడమనిషికి ఆ బహుమతి అందదు. అలాంటివారికి ఉపకారవేతనం పెట్టదలిస్తే, ముందుగా దుర్గాబాయి దేశ్‌ముఖ్ పనితనాన్ని పరిశీలించాలి.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైళ్లకు వెళ్లొచ్చాక, పాతికేళ్ల ప్రాయంలో ఆమె మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివారు. 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు. వయసు మీరాక చదివేవాళ్ల ఇబ్బంది ఎక్కడుంటుందో ఆమెకు అనుభవం మీద తెలుసు.

ఆ తెలివిడి ఆమె కట్టిన ప్రతి ఏర్పాటులోనూ కనిపిస్తుంది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడికి దూరమైన స్త్రీలను బెనారస్ మెట్రిక్‌కే తయారుచేశారు. బడికి వెళ్లకుండా ప్రైవేటుగా రాయగల పరీక్షను ఎంచుకోవడంలోనే ఆమె చూపు తెలుస్తుంది. అక్షరాలతో పాటు చేతిపనులూ నేర్పించారు. చదువుకునే మనిషికి పూట గడవాలన్న సంగతి ఆమె ఏనాడూ మరవలేదు.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలిగా ఆమె ఉన్న రోజుల్లో, 1958లో, వయోజన మహిళల సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. అప్పట్లో పల్లెల్లో గ్రామసేవికలు, నర్సులు, టీచర్లు కావాలి, కనీస చదువున్న స్త్రీలు దొరికేవారు కాదు. మరోవైపు, సగం చదువుతో ఆగిపోయిన వితంతువులు, భర్త వదిలేసిన స్త్రీలు బతుకుతెరువు లేక ఉన్నారు. ఈ రెండు అవసరాలనూ ఆ కోర్సు ముడివేసింది. ఎదిగిన మనిషి గ్రహింపు పిల్లల కంటే వేగమన్న నమ్మకంతో ఏళ్ల తరబడి సాగే పాఠ్యాన్ని రెండేళ్లకు కుదించింది. నడిపే పని స్వచ్ఛంద సంస్థలది, గ్రాంటు బోర్డుది. ఇల్లు విడిచి రావలసినవారికి వసతితో కూడిన కేంద్రాలు పెట్టారు. వడ్రంగి బిగించిన కీలులా ఇందులో ప్రతి అంశమూ ఒక అడ్డంకికి సరిగ్గా అమరుతుంది.

ఈనాడు చదువుకు తలుపులు చాలానే తెరుచుకున్నాయి. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో తెలుగు నేల మీదే పుట్టింది. పద్నాలుగేళ్లు నిండినవారు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా నేరుగా పదో తరగతి రాయవచ్చు. అయితే తలుపు దాకా నడవడానికి తీరిక, ఆసరా కావాలి. పరీక్ష రోజున పోయే కూలి, బస్సు ఖర్చు, చంటిబిడ్డను చూసే మనిషి, ఆదివారం పాఠం చెప్పే టీచరు, ఇవే అసలు అవసరాలు.

కాబట్టి తడ ప్రాంతంలో తల్లి పేరునో తండ్రి పేరునో ఉపకారవేతనం పెట్టే పెద్దలకు ఒక మనవి. వయసు పరిమితి పెట్టకండి. మార్కుల జాబితా అడగకండి. ఫీజుతో పాటు పరీక్ష రోజుల కూలి కూడా ఇవ్వండి. ఒక్కసారి చెక్కు ఇచ్చి ఊరుకోక, చదువు పూర్తయ్యేదాకా తోడుండండి. దుర్గాబాయి చూపిన పద్ధతి ఇదే, పెద్దల పేరు నిలబెట్టే పద్ధతి కూడా ఇదే.