పోయిన రాజు పేరున వెండి

పాత నాణేలు చూసేవాళ్లలో చాలామంది తీర్చిదిద్దిన బొమ్మల వెంట పడతారు. నాకు మధ్యయుగపు ఫ్రాన్స్ ప్రభువులు కొట్టించిన దెనియేలనే వెండి నాణేలంటే ప్రాణం. పల్చటి బిళ్లలు, అంచులు వంకరటింకర. కింది అచ్చును మొద్దులో దిగ్గొట్టి, మీద బిళ్ల పెట్టి, పై అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవారు. దెబ్బ పక్కకు జారితే కొన్ని అక్షరాలు బిళ్ల మీద పడనే పడవు. మిగిలినవాటిని భూతద్దం కింద కూడబలుక్కుని ఊరి పేరు పట్టుకోవడంలో ఉన్న సుఖం ఇంకెక్కడా దొరకలేదు నాకు.

ఊరు తేలుతుంది గానీ రాజు దగ్గరే చిక్కు. పువాతూలో, వెండి గనులున్న మెల్ ఊరి నాణెం మీద చార్లెస్ పేరుంటుంది. చార్లెస్ ద బాల్డ్ 877లోనే పోయాడు. 12వ శతాబ్దంలో రిచర్డ్ అక్కడికి కౌంట్‌గా వచ్చి తన పేరు వేయించేదాకా ఆ పేరు చెక్కుచెదరలేదు. టంకశాలా, దాని రాబడీ ఎప్పుడో కౌంట్ల చేతికి వచ్చేశాయి. అయినా పేరు జోలికి పోలేదు. బొమ్మ మారితే సంతలో జనం ముందు వెండినే శంకిస్తారు మరి.

శంకించడానికి కారణమూ ఉంది. షార్లెమాన్ నాడు ఒక పౌండు వెండికి 240 దెనియేలు, ఒక్కోటి దాదాపు 1.7 గ్రాములు. 12వ శతాబ్దం చివరికి చాలాచోట్ల అది గ్రాముకు అటూ ఇటూ వచ్చింది, అందులోనూ రాగి పాలే ఎక్కువ.

బ్లువా, షార్త్ర్ ప్రాంతాల నాణేల దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోతాను. షినోన్ నాణెం మీది మనిషి తల వాటికి మూలం. ఒక అచ్చు చూసి ఇంకొకటి చెక్కుతూ పోగా కన్నూ ముక్కూ జుట్టూ విడివడి గీతలు, చుక్కలు, త్రికోణాలయ్యాయి. మూలం తెలియనివాళ్లకు అందులో తల కనిపించదు. ఇది చేతగానితనమంటే నేను ఒప్పుకోను. గీతలు అంత లోతుగా, అంత సమంగా దిగాయంటే చెక్కినవాడికి తనేం చేస్తున్నాడో బాగా తెలుసు. సంతలో నలుగురూ చూడగానే పోల్చుకోవాలి, అంతే అతని లెక్క.

1262లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ, రాజనాణెం రాజ్యమంతా చెల్లుతుందనీ, ప్రభువుల నాణెం వాళ్ల ఏలుబడి దాటకూడదనీ శాసించాడు. 1266లో 12 దెనియేల విలువతో, 4 గ్రాములు పైబడిన గ్రో అనే మేలైన వెండి నాణెం తీసుకొచ్చాడు. ఆయన కూడా కొత్త బొమ్మ వెతకలేదు. దాని మీది కోట, తూర్‌లోని సెయింట్ మార్టిన్ మఠం దెనియే మీదిది. ఆ కోటకు మూలమేమో షార్లెమాన్ వంశం నాణేల మీది గుడి.