లేజర్ వాట్ల లెక్క తేల్చేది వేడే

మురమళ్ళ వీరేశ్వరస్వామి గుడిలో రోజూ కల్యాణం జరుగుతుంది. పెళ్ళి కుదరాలని మొక్కుకున్నవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో ఈ గోదావరి ఒడ్డు ఊరికి వస్తారు. ఇప్పటి పెళ్ళిళ్ళ హంగుల్లో లేజర్ కూడా చేరింది. వధూవరుల పేర్లు చెక్కిన చెక్క పలక, ఫొటో ఫ్రేము, కీచైను వంటివి చేయడానికి బల్ల మీద ఇమిడే చిన్న డయోడ్ లేజర్ యంత్రం చాలు. సరదాకి కొని, ఇంట్లోనే పని నేర్చుకునే కుర్రవాళ్ళకు మొదటి చిక్కు పెట్టె మీదే ఎదురవుతుంది. దాని మీద ‘40 వాట్లు’ అని ఉంటుంది.

ఇలాంటి చౌక యంత్రాల్లో చాలావాటికి ఆ 40 అనేది లోపలికి వెళ్ళే కరెంటు లెక్క. బయటికొచ్చే నీలి వెలుగు 5 వాట్ల దరిదాపుల్లో ఉంటుంది. అదీ ఎప్పటికీ ఉండదు. వాడేకొద్దీ డయోడ్ నీరసిస్తుంది, లెన్సుకు పొగ పట్టేస్తుంది. నిన్న తెగిన ప్లైవుడ్ ఇవాళ తెగలేదంటే తప్పు లెన్సుదా, ఫోకస్‌దా, చెక్కలోని తేమదా, డయోడ్‌దా? కొలిస్తే తప్ప తెలియదు. అంబాజీపేటలో ఎండుకొబ్బరి కాటా ఎక్కాకే బేరం తెగినట్టు, లేజర్‌కూ ఒక కాటా ఉండాలి. థర్మల్ పవర్ మీటర్ అలాంటిదే.

దాని పని పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. నల్లటి పళ్ళెం మీద వెలుగు పడుతుంది, పళ్ళెం దాన్ని మింగి వేడెక్కుతుంది, ఆ వేడిని మనం కొలుస్తాం. ఫొటోడయోడ్‌తో చేసిన మీటరు చురుకైనదే కానీ రంగు మారితే దాని లెక్కా మారుతుంది. కొన్ని మిల్లీవాట్లు దాటిన కిరణాన్ని ఫిల్టర్ అడ్డం లేకుండా తట్టుకోలేదు. మంచి నలుపు పూసిన పళ్ళేనికి నీలి డయోడ్ అయినా, కంటికి కనపడని కార్బన్ డయాక్సైడ్ లేజర్ అయినా దాదాపు ఒకటే. నిదానం దాని లోపం. ఇంట్లో చేసుకున్న మీటరు అంకె నిలకడకు రావడానికి అర నిమిషమో, ఇంకాస్త ఎక్కువో పట్టవచ్చు.

వెలుగును వేడిగా మార్చి కొలిచే ఈ విద్య లేజర్ కన్నా చాలా పాతది. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఎరుపుకు అవతల చీకట్లో థర్మామీటరు పెట్టి, అక్కడా వేడి ఉందని పట్టుకున్నాడు. రెండు లోహాల అతుకుల మధ్య వేడి తేడా ఉంటే కరెంటు పుట్టే ప్రభావాన్ని 1821లో సీబెక్ కనిపెట్టాడు. అలాంటి అతుకులను వరసగా పేర్చి నోబిలి, మెల్లోని థర్మోపైల్ చేశారు. నేటి లేజర్ మీటర్లలో ఉన్నదీ ఆ థర్మోపైలే. 1960లో మైమన్ తొలి రూబీ లేజర్ వెలిగించాక, అది ఎన్ని గడ్డం బ్లేళ్ళకు చిల్లి పెడుతుందో చూసి ‘ఇన్ని జిల్లెట్లు’ అని బలం చెప్పుకున్న రోజులూ ఉన్నాయి. కొలమానం చేతిలో లేనప్పుడు శాస్త్రవేత్తలకైనా అదే దారి.

ఇంట్లో కొలవడానికి అన్నిటికన్నా తేలిక దారి అల్యూమినియం దిమ్మ. 100 గ్రాముల దిమ్మకు నల్లరంగు పూసి, థర్మామీటరు గుచ్చి, 30 సెకన్లు కిరణం పడనివ్వాలి. గ్రాము అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి 0.9 జౌళ్ళు కావాలి. దిమ్మ 10 డిగ్రీలు వేడెక్కితే 900 జౌళ్ళు, 30తో భాగిస్తే 30 వాట్లు. కార్బన్ డయాక్సైడ్ ట్యూబు ఉన్న యంత్రాలకు ఇది బాగా సరిపోతుంది.

తక్కువ వాట్లకు పెల్టియర్ మాడ్యూల్ నయం. చిన్న కూలింగ్ బాక్సుల్లో వాడే 4 సెంటీమీటర్ల చదరపు బిళ్ళ ఇది. కరెంటిస్తే ఒక వైపు చల్లబడుతుంది. ఒక వైపు వేడి చేస్తే తానే కరెంటిస్తుంది. వెనక పెద్ద హీట్‌సింక్, ముందు నల్లరంగు పూసిన పలుచని రాగిరేకు, మధ్యలో థర్మల్ పేస్ట్, రెండు తీగలకు మల్టీమీటరు. మీటరు తయారైనట్టే. అది చూపే మిల్లీవోల్టులు ఎన్ని వాట్లకు సమానమో తేల్చడం మిగులుతుంది.

ఈ విద్యలో అసలు అందమంతా ఇక్కడే ఉంది. రాగిరేకుకు వెనక అంచున 10 ఓమ్‌ల రెసిస్టరును అతికించి 5 వోల్టులు ఇస్తే అర ఆంపియరు పారుతుంది. అంటే సరిగ్గా 2.5 వాట్ల వేడి. అప్పుడు మల్టీమీటరు, మాటవరసకి, 180 మిల్లీవోల్టులు చూపిందనుకుందాం. రెసిస్టరు ఆపేసి, రేకు చల్లారాక లేజర్ వేస్తే 360 వచ్చింది. లేజర్ బలం 5 వాట్లు! వేడి లేజర్‌దైనా రెసిస్టరుదైనా రేకుకు తేడా లేదు. 1893లో స్వీడన్ శాస్త్రవేత్త క్నూట్ ఆంగ్‌స్ట్రోమ్ సూర్యకాంతిని కొలిచిందీ ఇలాగే: రెండు నల్ల పట్టీల్లో ఒకటి ఎండలో, రెండోది కరెంటు వేడిలో.

ఎండ మన మీటరును సరిచూసుకోవడానికీ పనికొస్తుంది. నిర్మలమైన మధ్యాహ్నం సూర్యుడికి ఎదురుగా పెట్టిన చదరపు మీటరు మీద పడేది ఇంచుమించు 900 నుంచి 1,000 వాట్లు. 16 చదరపు సెంటీమీటర్ల రేకుకు ఒకటిన్నర వాటు వస్తుంది. మీటరు మూడు వాట్లంటే ఎక్కడో పొరపాటుంది. మురమళ్ళలాంటి చోట గోదావరి గాలి రేకు వేడిని ఎత్తుకుపోతుంది కాబట్టి చుట్టూ అట్టపెట్టె అడ్డం పెట్టాలి, ఇంట్లోనైతే ఫ్యాను ఆపాలి. మన దేశంలో ఇలా ఎండను, అంటే సౌరవికిరణాన్ని, కొలిచే కేంద్రాలను నెలకొల్పడంలో వాతావరణ శాఖ శాస్త్రవేత్త అన్నా మణి పాత్ర ఎంతో పెద్దది. అలాంటి కేంద్రాల్లో విశాఖపట్నమూ ఒకటి. ఆవిడ 1980లో వెలువరించిన సౌరవికిరణ గణాంకాల పుస్తకాన్ని ఈ రంగంలోవారు నేటికీ ఉదహరిస్తారు.

వేడితో కొలిచే ఈ పద్ధతి ఆయుధాల స్థాయి లేజర్లకూ పనికొస్తుంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధంతో ఎగిరే డ్రోన్‌ను కూల్చింది. ఆ ఆయుధాన్ని రూపొందించింది హైదరాబాద్‌లో ఉన్న డీఆర్‌డీఓ ప్రయోగశాల ‘చెస్’. కిలోవాట్ల కిరణాలను కొలవడానికి నీళ్ళు పారే కెలోరీమీటర్లు వాడతారు. సెకనుకు లీటరు నీళ్ళు పారితే 30 కిలోవాట్లకు ఆ నీళ్ళు 7 డిగ్రీలు వేడెక్కుతాయి. లెక్క మన దిమ్మ లెక్కే, అంకెలే పెద్దవి.

జాగ్రత్తల దగ్గర మాత్రం రాజీ లేదు. 5 వాట్ల నీలి కిరణం రెప్ప వాలేలోపే కంటిచూపును శాశ్వతంగా తీసేయగలదు. మెరిసే లోహం మీద పడి తిరిగొచ్చినా అంతే. ఆ లేజర్ రంగుకే తగినవని ధ్రువీకరణ ఉన్న కళ్ళజోడు గదిలో ఉన్న అందరికీ ఉండాలి, పిల్లలు ఉండకూడదు. ఫోకస్ చేసిన చుక్కను మీటరు మీద వేస్తే రంగు కాలిపోతుంది కనుక, కిరణం సెంటీమీటరు వెడల్పుకు పరుచుకునే దూరంలో పెట్టాలి.

ఐ. పోలవరం మండలంలోని, అమలాపురంలోని ఫిజిక్స్ మాస్టార్లకు ఒక మనవి. ఈ మీటరును ఇంటర్ పిల్లల చేత చేయించండి. లేజర్ అక్కర్లేదు, రెసిస్టరుతో కొలత కట్టించి, బడి ఆవరణలో ఎండను కొలిపించండి. పెట్టె మీది అంకెను నమ్మేముందు తామే కొలిచి చూసుకునే అలవాటు వాళ్ళకు ఆ ఒక్క మధ్యాహ్నంతో మొదలవుతుంది.