నీతి చెప్పని పీరియడ్

ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో తెలుగువాళ్లకు ఆత్మీయంగా తోచే గుర్తులు రెండున్నాయి. ఒకటి తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల, రెండోది దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టుకున్న సౌత్ క్యాంపస్ మెట్రో స్టేషన్. అక్కడికి దగ్గర్లోనే, మోతీబాగ్ నానక్‌పురాలో ఒక సర్వోదయ ప్రభుత్వ పాఠశాల ఉంది. 2020 ఫిబ్రవరి 25న అప్పటి అమెరికా ప్రథమ మహిళ మెలానియా ట్రంప్ ఆ బడికి వెళ్లి, పిల్లల మధ్య కూర్చుని ‘హ్యాపీనెస్ క్లాస్’ చూశారు. ఆ రాకతో క్లాసు పేరు దేశమంతా తెలిసింది. దాని అల్లికలోని పనితనం గురించి మాత్రం చెప్పుకోవాల్సింది ఇంకా ఉంది.

ఢిల్లీ ప్రభుత్వం ఈ పాఠ్యప్రణాళికను 2018 జులై 2న దలైలామా చేతుల మీదుగా ప్రారంభించింది. దాన్ని నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు పిల్లలకు ఉద్దేశించింది. పరీక్ష ఉండేది కాదు, మార్కులు ఉండేవి కావు. పెద్ద తరగతులకు రోజూ ఒక పీరియడ్ ఉండేది. దీని వెనకున్న ఆలోచనకు ఎ. నాగరాజ్ చెప్పిన మధ్యస్థ దర్శనం అనే తత్వం ఆధారం. నాలుకకు తగిలిన తీపి కాసేపే ఉంటుంది, అనుబంధాలు ఇచ్చే ఆనందం ఇంకాస్త నిలుస్తుంది, విషయం అర్థమైనప్పుడు కలిగేది అన్నిటికంటే ఎక్కువ కాలం నిలుస్తుందని ఆ ఆలోచన.

వారాన్ని పేర్చిన తీరు చూడండి. సోమవారం ధ్యాస: ఊపిరిని గమనించడం, చుట్టూ వినిపించే చప్పుళ్లు వినడం. మంత్రం ఉండేది కాదు, జపం ఉండేది కాదు. మంగళ, బుధవారాలు కథ. గురు, శుక్రవారాలు కలిసి చేసే పనులు. శనివారం పిల్లలు తమ మనసులో మాట చెప్పుకునే రోజు. ముందు నిలకడ, తర్వాత వేరొకరి కథ, ఆ తర్వాత చేతలు, చివరికి సొంత మాట. ‘నీకేమనిపిస్తోంది?’ అని సోమవారమే అడిగితే ఏ పిల్లాడైనా తల వంచుకుంటాడు. అదే ప్రశ్న శనివారం వచ్చేసరికి వాడి దగ్గర చెప్పడానికి సరుకు ఉంటుంది.

అన్నిటికంటే నాకు నచ్చింది కథ నడిపే పద్ధతి. మన బళ్లలో కథ పూర్తికాగానే ‘ఇందులోని నీతి ఏమిటి?’ అని అడుగుతాం. పిల్లలు కంఠతా వచ్చిన వాక్యం అప్పజెబుతారు. హ్యాపీనెస్ క్లాసులో టీచరు నీతి చెప్పేవారు కాదు. ‘నీకెప్పుడైనా ఇలా అనిపించిందా? అప్పుడు ఏం చేశావు?’ అని అడిగి ఆగేవారు. ఏ జవాబునూ తప్పనకూడదు. కథను ఇంటికి తీసుకెళ్లి అమ్మానాన్నలతో మాట్లాడి రమ్మనేవారు, మర్నాడు చర్చ అక్కడినుంచి సాగేది. రెండు రోజులు కేటాయించడంలోని మర్మం ఇదే. మొదటిరోజు నోరు విప్పని పిల్లకు ఒక రాత్రి గడువు దొరికేది.

పిల్లలు గీసిన బొమ్మల గురించి అడిగేటప్పుడూ ఇంతే ఒడుపు కావాలి. పిల్లాడు కాగితం నిండా నల్లరంగు పులిమాడనుకుందాం. ‘ఇదేం బొమ్మరా?’ అంటే సంజాయిషీ అడిగినట్టు. ‘బాధగా ఉందా?’ అంటే జవాబు మనమే అందించినట్టు. ‘దీని గురించి చెబుతావా?’ అంటే తలుపు తెరిచినట్టు. అది వానాకాలపు రాత్రి కావచ్చు, అమ్మ జడ కావచ్చు. కోపమే అయితే ఆ మాట వాడి నోటినుంచే రావాలి. కోపానికి తనంతట తాను పేరు పెట్టుకున్న పిల్లాడు దాన్ని చేతిలోకి తీసుకున్నట్టే.

పిల్లల మాట వాళ్ల నోటినుంచే రావాలన్న ఈ నమ్మకం మనకు కొత్తదేమీ కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, పిల్లల్ని మైకు ముందు నిలబెట్టి వాళ్ల గొంతుతోనే పాడించారు, నాటికలాడించారు. 1940లో బాలానంద సంఘం స్థాపించారు. పిల్లల మాటకు పెద్దలు చెవి ఒగ్గాలన్న ఆ పట్టుదలే ఢిల్లీ తరగతి గదిలోనూ నాకు కనిపించింది.

ఇలాంటి పీరియడ్‌కు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. కావలసింది తన జవాబును నాలుక చివర ఆపుకోగల టీచరు. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, సాధనతో అబ్బేది. మన టీచర్ల శిక్షణలో ఆ సాధనకు చోటివ్వాలి. పాఠం చెప్పడం ఎంత కష్టపడి నేర్పుతున్నామో, పిల్లాడు చెప్పేదాకా ఆగడమూ అంత కష్టపడి నేర్పాలి.