పాదువా తోటమాలి చేతి పని

ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయ వృక్షోద్యానం 1545లో మొదలైంది. పుట్టిన చోటే నేటికీ నిలిచి ఉన్న విశ్వవిద్యాలయ తోటల్లో అదే పాతది. దాని ఘనత చెప్పేవాళ్లు ఆచార్యుల పేర్లే తలుస్తారు. నా లెక్కలో పెద్ద వాటా తోటమాలిది. 1585లో నాటిన పొట్టి తాటిజాతి చెట్టొకటి అక్కడ ఇంకా బతికే ఉంది. మధ్యధరా తీరపు వెచ్చదనానికి అలవాటుపడ్డ జాతి అది. ఆకుకాడల నిండా ముళ్లు. ఎండిన మట్టలు కోసేటప్పుడు కత్తి మొవ్వుకు తగిలిందా, ఆ కాండం ఇక పెరగదు. ఆ జాగ్రత్త ఒక చేతి నుంచి ఇంకో చేతికి అందుతూ రాకపోతే నాలుగు శతాబ్దాలు గడిచేవి కావు.

చెట్టును కాచింది గాజు ఇల్లనీ, దానికి పేరు తెచ్చింది పండితుడి చూపనీ అనవచ్చు. గాజు ఇల్లు చలిని ఆపుతుంది, నిజమే. కానీ ఎండ ముదిరితే గాలి ఆడేలా చూడటం, వేరు దగ్గర తడి కనిపెట్టడం మనిషి చేయాల్సిన పనులు. ఇక చూపు సంగతి. 1786లో ఈ తోటకు వచ్చిన జర్మన్ కవి గేటే, నేల దగ్గర చీలికల్లేని కోలాకు పైకి పోయేకొద్దీ చీలి విసనకర్రలా విచ్చుకోవడం గమనించాడు. ఆయన అడిగితే ఆ దశలన్నిటినీ వరసగా కోసిచ్చింది తోటమాలే. గేటే వాటిని అట్టల్లో పెట్టుకుని వెంట తీసుకెళ్లాడు. 1790లో మొక్కల రూపాంతరంపై పుస్తకం ప్రచురించాడు. ఏ ఆకు తీస్తే చెట్టుకు హాని లేదో ఎరిగిన చెయ్యి కాబట్టే ఆయనకు ఆ వరస దక్కింది, చెట్టూ మిగిలింది.