బయటికి దారి వెతికే గుడ్డు

చర్ల మండలంలో తాలిపేరు కాలువ నీళ్ళు పారే మడుల్లో, గట్టు వారన, ఒక చిన్న నత్త ఉంటుంది. దాని గుల్ల గోపురంలా పైకి లేవదు. జంతిక చుట్టినట్టు ఒకే మట్టంలో చుట్టుకుని ఉంటుంది. నలిగితే ఎర్రటి ద్రవం కారుతుంది, ఎందుకంటే మన నెత్తురుకు ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్ దాని ఒంట్లోనూ ఉంది. పేరు ఇండోప్లానోర్బిస్ ఎగ్జస్టస్. పశువుల ముక్కులోని రక్తనాళాల్లో కాపురముండి, అవి గురకపెట్టేలా చేసే షిస్టోసోమా నేసాలే అనే పురుగుకు ఈ నత్తే పురిటిల్లు. ఆ పురుగును 1933లో ఎం. అనంత నారాయణరావు మద్రాసు ప్రెసిడెన్సీలో గుర్తించి వర్ణించారు. అప్పటికి చర్ల ప్రాంతం కూడా ఆ ప్రెసిడెన్సీలోదే.

ఈ పురుగుకు ఒక దగ్గరి చుట్టం ఉంది. అది మనిషి మూత్రాశయం చుట్టూ ఉన్న సిరల్లో కాపురం పెడుతుంది. దాని పేరు షిస్టోసోమా హీమటోబియం. ఆఫ్రికాలోను, పశ్చిమాసియాలో కొన్నిచోట్లా ఉంటుంది. మూత్రంలో నెత్తురు పడటంతో మొదలై, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతే, కొందరిలో క్యాన్సర్ దాకా వెళ్తుంది. ఒక సెంటీమీటరు పురుగు అంత పని ఎలా చేయగలదో భాగం భాగంగా విప్పి చూడాలని నాకు చాలాకాలంగా ఆశ. చూసినకొద్దీ ఒకటి తేటపడింది: ఇందులో ఎక్కడా మొరటు పని లేదు. పురుగు పనితనం, గుడ్డు పనితనం, మన ఒంటి పనితనం అన్నీ నిఖార్సైనవే. అవి ఒకదానికొకటి తగిలేచోటే హాని పుడుతుంది.

ముందు జంటను చూద్దాం. మగపురుగు పొడవు ఒక సెంటీమీటరు, కాస్త అటూఇటూ. శరీరం బల్లపరుపుగా ఉండి, రెండు అంచులూ లోపలికి మడుచుకుని, తమలపాకు చుట్టినట్టు ఒక పొడవాటి దోనె ఏర్పడుతుంది. షిస్టోసోమా అంటే చీలిన ఒళ్ళు అని అర్థం. ఆ పేరు ఈ దోనె వల్లే వచ్చింది. ఆడపురుగు దానికంటే పొడవు, దారంలా సన్నం. ఆ దోనెలో ఒదిగి బతుకంతా గడుపుతుంది. మగ తోడు లేకపోతే ఆడది ఎదగదు, గుడ్లు పెట్టదు. దగ్గరి జాతి అయిన షిస్టోసోమా మాన్సొనైలో మగది తయారుచేసే ఒక చిన్న రసాయనమే ఆడదాని ఎదుగుదలకు తాళం తీస్తుందని 2022లో తేలింది. ఆడది నెత్తురు తాగుతుంది. పేగుకు రెండో కొస మూసుకుని ఉంటుంది కాబట్టి అరిగిన నెత్తుటి మడ్డిని నోటితోనే కక్కుతుంది. మన రక్షణ కణాలు నిత్యం గస్తీ తిరిగే నెత్తుటిలోనే ఈ జంట సగటున మూడు నుంచి ఐదేళ్ళు, కొన్నిసార్లు దశాబ్దాలు బతుకుతుంది. ఎలాగంటే, మన అణువుల్నే తీసుకుని ఒంటిమీద కప్పుకుంటుంది. పై పొరను ఎప్పటికప్పుడు కొత్తగా వేసుకుంటుంది. ఇంటివాళ్ళ బట్టలు తొడుక్కుని ఇంట్లో తిరిగే మనిషిని ఎవరు ఆపుతారు?

అయితే మూత్రాశయాన్ని పాడుచేసేది ఈ జంట కాదు. పాడుచేసేది గుడ్డు.

గుడ్డు పొడవు మిల్లీమీటరులో ఏడో వంతు ఉంటుంది. కోలగా, లేత పసుపురంగులో, ఒక కొసన ముల్లుతో. మాన్సొనై గుడ్డుకు ముల్లు పక్కన ఉంటుంది, దీనికి సరిగ్గా చివర. మైక్రోస్కోపు కింద రెంటినీ విడదీసే గుర్తు అదే. ఆడపురుగు తన సన్నదనాన్ని వాడుకుని, మగది పట్టని సన్నని సిరల్లోకి ముందుకు జరిగి, మూత్రాశయం గోడకు వీలైనంత దగ్గరగా గుడ్లు పెడుతుంది. అక్కడినుంచి గుడ్డుకు కాళ్ళూ లేవు, రెక్కలూ లేవు. సిర గోడ దాటాలి, లోపలి పొర దాటి మూత్రంలో పడాలి. ముల్లుతో తొలుచుకుంటూ పోతుందని చాలామంది అనుకుంటారు. అసలు పనితనం ఇంకా సున్నితమైంది. గుడ్డు పెంకుకు అతిసన్నని రంధ్రాలున్నాయి. లోపలి పిల్ల వాటిగుండా ఎంజైములను, ప్రొటీన్లను బయటికి వదులుతుంది. వాటికి మన రక్షణ కణాలు పోగై, వాపు పుట్టి, కణజాలం మెత్తబడి, గుడ్డు మెల్లగా మూత్రం వైపు జరుగుతుంది. అంటే తన్ను తరిమే చేతులనే అది తోపుడుబండిగా వాడుకుంటుంది. దీనికి గడువుంది. కణజాలంలో గుడ్డు మూడు వారాలకు మించి బతకదు.

ఆ గడువులో దాదాపు సగం గుడ్లు బయటపడవు. మిగిలిపోయిన ఆ సగమే జబ్బు.

చిక్కుకున్న గుడ్డును ఒళ్ళు వదిలిపెట్టదు. తినే కణాలు, లింఫోసైట్లు, ముఖ్యంగా ఈసినోఫిల్ కణాలు దాని చుట్టూ వలయాలుగా చేరి, గుడ్డు వదిలే విషాన్ని పక్క కణాలకు తగలకుండా కట్టడి చేస్తాయి. ఈ గడ్డను గ్రాన్యులోమా అంటారు. గుడ్డు చచ్చిపోయాక చుట్టూ పీచు కడుతుంది, సున్నం పేరుతుంది. మేస్త్రీ గోడ కట్టినంత శ్రద్ధగా సాగే పని ఇది. ఒక్క గుడ్డుకైతే ఇది మంచి మందే. కానీ రోజూ కొత్త గుడ్లు వస్తుంటే, ఏళ్ళు గడిచేసరికి ఆ చిన్న గోడలన్నీ కలిసి మూత్రాశయాన్ని బిగుసుకుపోయేలా చేస్తాయి. లోపలికి గొట్టం పెట్టి చూసిన డాక్టరుకు సిస్టోస్కోపులో ఇసుక చల్లినట్టు పసుపు మచ్చలు కనిపిస్తాయి. ఎక్స్‌రేలో సున్నం కట్టిన మూత్రాశయం అంచు గర్భంలోని బిడ్డ తలకాయలా గుండ్రంగా కనబడుతుంది. మూత్రనాళం మూసుకుపోయి, వెనక కిడ్నీ ఉబ్బుతుంది.

క్యాన్సర్ సంగతి అర్థం కావాలంటే ముందు మూత్రాశయం లోపలి పొరను తెలుసుకోవాలి. ఒంట్లో ఇంత నేర్పుగా నేసిన గుడ్డ మరొకటి అరుదు. ఖాళీగా ఉన్నప్పుడు మడతలుగా ముడుచుకుని, నాలుగైదు వందల మిల్లీలీటర్లు నిండేసరికి పలచబడి సాగుతుంది. ఎంత సాగినా చుక్క మూత్రం లోపలికి ఇంకనివ్వదు. పై వరుసలోని గొడుగు కణాలు ఆ పని చూసుకుంటాయి. మామూలుగా ఈ కణాలు చాలా నిదానంగా మారుతుంటాయి. నెలల తరబడి ఒకే కణం పనిచేస్తుంది.

ఇప్పుడు దాని కింద గుడ్లు పేరుకున్నాయనుకోండి. పుండు, మాన్పు, మళ్ళీ పుండు. పలుగు పట్టిన అరచెయ్యి కాయలు కాసినట్టు, ఈ సున్నితమైన పొర తన్ను తాను కాపాడుకోవడానికి చర్మంలాంటి గట్టి పొరగా మారిపోతుంది. గోళ్ళలో ఉండే కెరటిన్ మూత్రాశయంలో పేరుకుంటుంది. వేగంగా విడిపోతున్న కణాలకు తప్పులు దిద్దుకునే తీరిక ఉండదు. రక్షణ కణాలు వదిలే చురుకైన ఆక్సిజన్ రూపాలు వాటి డీఎన్ఏను తాకుతాయి. సరిగా ఖాళీకాని మూత్రంలో బాక్టీరియా చేరి నైట్రేట్లను నైట్రైట్లుగా మారుస్తుంది. అందులోంచి నైట్రోసమీన్లు పుడతాయి. అవి క్యాన్సర్ తెచ్చే పదార్థాలు. గుడ్డు వదిలే ప్రొటీన్లలో కొన్ని నేరుగా ఆ పొర కణాలను పెరగమని ఉసిగొల్పుతాయి కూడా. ఇలా పొర చర్మంలా మారినచోట పుట్టేది స్క్వామస్ సెల్ కార్సినోమా. మన ఊళ్ళల్లో మూత్రాశయ క్యాన్సర్ అంటే సాధారణంగా వేరే రకం, గొడుగు కణాలున్న ఆ మామూలు పొర జాతిది.

ఈ ముడి విప్పినవాళ్ళ ఓపిక తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. 1851లో కైరోలో జర్మన్ డాక్టరు థియోడర్ బిల్హార్జ్ శవపరీక్ష చేస్తూ సిరలో ఈ పురుగును చూశాడు. 1910లో మార్క్ ఆర్మాండ్ రఫర్ మూడువేల ఏళ్ళనాటి రెండు ఈజిప్టు మమ్మీల కిడ్నీల్లో సున్నం కట్టిన గుడ్లు కనిపెట్టాడు. మరుసటి ఏడు ఎ.ఆర్. ఫెర్గూసన్ కైరోలోనే నలభై మంది మూత్రాశయ క్యాన్సర్ రోగులను పరిశీలించి, ఈ పురుగుకూ ఆ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని రాసిపెట్టాడు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో దీన్ని మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని రుజువైన మొదటి వర్గంలో చేర్చింది. ఈజిప్టులో 1980 ప్రాంతంలో మూత్రాశయ క్యాన్సర్లలో నాలుగింట మూడొంతులకు పైగా ఈ స్క్వామస్ రకమే. పురుగుకు మందు ఊరూరా ఇచ్చాక 2005 నాటికి అది మూడో వంతుకంటే తక్కువకు దిగింది. పై వాదనంతటికీ ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

ఇక నత్త సంగతి. మంచినీళ్ళల్లో పడ్డ గుడ్డు ఉప్పు తగ్గగానే పగిలి, వెంట్రుకలతో ఈదే మిరాసీడియం అనే పిల్ల బయటికొస్తుంది. దానికి ఒక్కరోజు మించి ఆయుష్షు లేదు. ఆ లోపు సరైన నత్త దొరకాలి. దొరికితే నత్త ఒంట్లో నాలుగైదు వారాల్లో ఒక్కటి వేలుగా మారి, చీలిన తోకల సర్కేరియాలుగా పట్టపగలు నీళ్ళల్లోకి వస్తుంది. నీళ్ళల్లో దిగిన కాలు తగిలితే అవి నిమిషాల్లో తోక వదిలి చర్మం దాటి, ఊపిరితిత్తులు, కాలేయం మీదుగా జంటకట్టి మూత్రాశయం చేరతాయి. ఈ నత్త దశను 1915లో ఈజిప్టులో రాబర్ట్ లీపర్ బయటపెట్టాడు.

సరైన నత్త బులైనస్. అది మన దేశంలో లేదు. మన ఇండోప్లానోర్బిస్ దానికి దగ్గరి బంధువే అయినా ఈ పురుగు దానిలో పెరగదు. మడిలో నిలబడ్డవాళ్ళ కాళ్ళకు వచ్చే దురదల్లో కొన్ని పశువుల షిస్టోసోమా పిల్లలు పొరపాటున మనిషి చర్మంలో దూరి, దారి తెలీక అక్కడే చచ్చిపోవడం వల్ల వస్తాయి. అయితే తాళం ఎప్పటికీ తెరుచుకోదని ధీమా పడలేం. అప్పటి బొంబాయి రాష్ట్రంలోని రత్నగిరి జిల్లా గిమ్వి గ్రామంలో మూత్రంలో నెత్తురు పడే జబ్బుకు ఈ జాతి గుడ్లే కారణమని 1952లో గాడ్గిల్, షా చూపించారు. అక్కడ వేరే నత్త, ఫెరీసియా టెనూయిస్, ఆ పని చేసిందని వాళ్ళు చెప్పారు. 2013లో ఫ్రాన్స్ దీవి కార్సికాలోని కావూ నదిలో ఈదినవారికి ఈ జబ్బు సోకింది. అక్కడ బులైనస్ నత్త అంతకుముందే ఉంది. గుడ్డు మాత్రం పశ్చిమ ఆఫ్రికానుంచి ఎవరిలోనో ప్రయాణించి వచ్చింది.

మందు ప్రాజిక్వాంటెల్. 1970లలో తయారైంది. ఒంటి బరువు కిలోకు 40 మిల్లీగ్రాములు, ఒక్కపూట. పురుగు కండరాల్లోకి కాల్షియం వరదలా దూరి, అది బిగుసుకుపోతుంది. ఒంటిమీద కప్పుకున్న పొర చిరుగుతుంది. ముసుగు పోయిన పురుగును రక్షణ కణాలు చూసేస్తాయి. క్యాన్సర్ కండరం దాకా పాకినవారికి మూత్రాశయం తీసేయాల్సి వస్తుంది. ఈజిప్టు మన్సూరాలో మొహమ్మద్ ఘనైమ్, ఆయన బృందం చిన్నపేగు ముక్కను కోసి, విప్పి, మడిచి కుట్టి, మూత్రాశయం ఉన్నచోటే కొత్త సంచిగా అమర్చే పనిలో ప్రపంచ పేరు తెచ్చుకున్నారు. లోపలి పొరకు గొడుగు కణాలుండవు, కండరం తీరూ వేరు, అయినా ఆ సంచి నిండుతుంది, ఖాళీ అవుతుంది.

ఆఫ్రికాలో పనిచేసి వచ్చిన మనిషికి మూత్రం చివర్లో ఎర్ర చుక్క పడితే చేసే పరీక్ష సులువు. పొద్దున పది నుంచి మధ్యాహ్నం రెండు లోపల పట్టిన మూత్రం కావాలి, గుడ్లు ఎక్కువగా పడేది ఆ వేళే. పది మిల్లీలీటర్లు సిరంజిలోకి తీసి, సన్నరంధ్రాల వడపోత పొరగుండా నొక్కి, ఆ పొరను స్లయిడు మీద పరిచి చూస్తారు. మలేరియా స్లయిడ్లు చూసి అలవాటైన కళ్ళకు ఇది కష్టం కాదు. కొసన ముల్లున్న కోల గుడ్డు కనిపిస్తే సరిపోతుంది. బతికి ఉందో లేదో తెలియాలంటే, మూత్రం అడుగు మడ్డిలో క్లోరిన్ లేని నీళ్ళు పోసి వెలుగులో ఉంచుతారు. కాసేపటికి పెంకు పక్కన చీలుతుంది. వెంట్రుకల ఒళ్ళు గుండ్రంగా తిప్పుకుంటూ మిరాసీడియం ఈదుతుంది. చుట్టూ ఉన్నది గాజు గిన్నె. అయినా అది నత్తను వెతుకుతూనే ఉంటుంది.