ముందు చక్రాలకు మూడు పనులు

షెవ్రొలే వోల్ట్ డెట్రాయిట్-హ్యామ్‌ట్రామిక్ ఫ్యాక్టరీలో పుట్టిన కారు. 2010 చివర్లో మొదలైన ఉత్పత్తి 2019లో ఆగిపోయినా, ట్రాయ్, నోవీ, కాంటన్ లాంటి మిషిగన్ ఊళ్లలో అది ఇంకా తిరుగుతూనే ఉంది. కార్ల పరిశ్రమను నమ్ముకుని ఆ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే. విజయవాడ ఎండల్లోనో హైదరాబాద్ ట్రాఫిక్‌లోనో స్టీరింగ్ పట్టడం నేర్చుకున్న మనిషి, రాత్రికి రాత్రి జానెడు మంచు పడ్డ రోడ్డెక్కితే, కాలికి అలవాటైనవన్నీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. వోల్ట్ లాంటి, ముందు చక్రాలు లాగే ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్గుతో చార్జ్ అయ్యే బ్యాటరీ, పెట్రోలు ఇంజన్ రెండూ ఉన్న కారు) అయితే ఆ పాఠంలో మరికొన్ని పేజీలు అదనం.

ఈ కారులో బండిని లాగేది ముందు చక్రాలే, తిప్పేదీ అవే. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే మోటారును జనరేటర్‌లా తిప్పి బ్యాటరీలోకి కరెంటు పంపేది కూడా అవే. పొడి రోడ్డు మీద ఇవన్నీ కలిపి చేయించినా టైరు దగ్గర ఇంకా పట్టు మిగులుతుంది. మంచు మీద ఉన్న కాస్త పట్టూ మలుపు తిరగడానికే సరిపోతుంది. అప్పుడు బ్రేకు నొక్కినా, యాక్సిలరేటర్ తొక్కినా స్టీరింగ్ ఒకవైపు, బండి ఒకవైపు. అందుకే చెయ్యి తిరిగిన డ్రైవరు పనుల్ని విడగొడతాడు. చక్రాలు తిన్నగా ఉండగానే వేగం తగ్గిస్తాడు, మలుపులో కాలు కదపడు, బండి మళ్లీ తిన్నగా వచ్చాకే ముందుకు లాగిస్తాడు. ముందు చక్రాలు జారి బండి ఎదురుగా పోతుంటే స్టీరింగ్ ఇంకా తిప్పేయాలనిపిస్తుంది. ఆ ఆత్రం పనికిరాదు. కాలు మెల్లగా తీసి, స్టీరింగ్ కాస్త వెనక్కి తెస్తే టైరు మళ్లీ రోడ్డును పట్టుకుంటుంది.

బండి కదిలించడం దగ్గరే అసలు నేర్పు. మొదటి తరం వోల్ట్ మోటారు 368 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అదీ నిలబడ్డ చోటు నుంచే. పెట్రోలు కారులో చక్రం ఊరికే తిరుగుతుంటే ఇంజన్ అరుపు చెప్పేస్తుంది. బ్యాటరీ మీద నడిచేటప్పుడు ఆ అరుపు ఉండదు. డాష్‌బోర్డు మీద ట్రాక్షన్ లైటు పసుపుగా మినుకుమంటుంది, స్టీరింగ్ చేతిలో ఒక్కసారిగా తేలికైపోతుంది. తెలిసేది ఆ రెండిటితోనే. నిండు బిందె చంకనెత్తుకుని తొణకకుండా నడిచినట్టు పాదం వేయాలి. ఒక సౌలభ్యం మాత్రం ఉంది. గేర్లు మారే కుదుపు లేదు కాబట్టి, కాలు నెమ్మదిగా పెంచేవాడికి ఈ మోటారు ఇచ్చినంత సున్నితమైన లాగుడు పాత పెట్రోలు ఇంజన్ ఇవ్వలేదు.

వోల్ట్‌లో ‘ఎల్’ మోడ్ అనేదొకటి ఉంది. అందులో కాలు తీయగానే బండి గట్టిగా నెమ్మదిస్తుంది. 2016 మోడల్ నుంచి స్టీరింగ్ వెనక ఎడమవైపు ఒక మీట కూడా ఇచ్చారు, దాన్ని నొక్కినా అదే పని. ట్రాఫిక్‌లో ఇది హాయి. గాజులా మెరిసే ఐస్ మీద మాత్రం మామూలు ‘డి’ మోడే మేలు. ఎందుకంటే ఆ నెమ్మదింపు బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది, బ్రేకు పెడల్ అయితే నాలుగు చక్రాలకూ పంచగలదు. పెడల్ నొక్కినప్పుడు కూడా ఒక వింత ఎదురవుతుంది. చక్రం జారిందని పసిగట్టగానే రీజెన్, అంటే మోటారు జనరేటర్‌గా మారి చేసే నెమ్మదింపు, తప్పుకుని మామూలు బ్రేకులు అందుకుంటాయి. ఆ రెప్పపాటులో బండి ముందుకు ఉరికినట్టు అనిపిస్తుంది. కొత్తవాళ్లు బెదిరి కాలెత్తేస్తారు. ఎత్తకూడదు, అలాగే నొక్కి ఉంచాలి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో నాలుగైదుసార్లు కావాలని ఇలా ఆపి చూసుకుంటే పాదానికి భయం పోతుంది.

మంచు అనగానే ఆల్-వీల్ డ్రైవ్ కొనమని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. అది బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. ఆపేది టైరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక పొడి తారు మీద పదిహేను మీటర్లలోపు ఆగే బండి, నున్నటి ఐస్ మీద వంద మీటర్ల దాకా జారిపోగలదు. మైలేజీ కోసం ఇలాంటి కార్లకు బిగించే గట్టి టైర్లు చలికి మరింత బిగుసుకుంటాయి. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కిందకు దిగాక చలికాలపు టైర్ల మెత్తటి రబ్బరుదే పైచేయి. మిషిగన్‌లో వాటిని తప్పనిసరి చేసే చట్టం లేదు. పక్క దేశం కెనడాలోని క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా తప్పనిసరి. ఈ విషయంలో క్యుబెక్ చేసిందే సరైన పని. డబ్బు మిగులుతుందని ముందు రెండింటికే వేయిస్తే వెనక చక్రాలు జారి బండి గిర్రున తిరుగుతుంది. వేస్తే నాలుగూ వేయాలి. డిక్కీలో ఇసుక మూటలు పెట్టుకోవడం వెనక చక్రాలు లాగే పికప్‌లకు పనికొచ్చే చిట్కా. వోల్ట్‌కు వద్దు, బరువు ముందు చక్రాల మీదే ఉండాలి.

ఆగే దూరం లెక్క తప్పితే ఏమవుతుందో 2015 జనవరి 9న కలమజూ దగ్గర ఐ-94 హైవే మీద మిషిగన్ చూసింది. మంచుతెరలో దారి కనపడక 193 వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. వాటిలో బాణసంచా లారీ ఒకటి అంటుకుంది. ఒకరు చనిపోయారు. ఏ చక్రాల డ్రైవ్ అయినా అక్కడ ఒరగబెట్టేది తక్కువ. వేగం ముందే తగ్గించుకుని, ముందు బండికి దూరంగా ఉండాలి. క్రూయిజ్ కంట్రోల్ జోలికి అసలు పోకూడదు.

ఇక చలి, బ్యాటరీ. అమెరికా ఆటోమొబైల్ సంఘం ట్రిపుల్-ఎ 2019లో ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించింది. మైనస్ 7 డిగ్రీల దగ్గర హీటర్ వేస్తే ప్రయాణ దూరం సగటున 41 శాతం తగ్గింది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కు ఇక్కడ ఇంజన్ అక్కరకొస్తుంది, దాని వేడి కారు లోపలికి ఊరికే దొరుకుతుంది. అయినా ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి ఉండగానే కారును వెచ్చబెట్టుకుని బయల్దేరడం తెలివైన పని. ఆ వేడి ఖర్చు గోడ కరెంటుది, బ్యాటరీది కాదు. అద్దాల మీది ఐస్ కూడా వదులుతుంది.

వేడి కోసం ఇంజన్ తనంతట తనే స్టార్ట్ అవుతుంది, ఆ గుణానికి ఇంకో ముఖం ఉంది. బయట బాగా చల్లబడితే, చార్జింగ్ నిండుగా ఉన్నా వోల్ట్‌లో ఇంజన్ వేడి కోసం నడుస్తుంది. రోడ్డు పక్క మంచులో దిగబడి, వెనక సైలెన్సర్ గొట్టం పూడుకుపోయిన బండిలో కూర్చున్నవాళ్లకు ఇది ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. కాబట్టి దిగబడ్డప్పుడు చక్రాల ముందు మంచు తవ్వడం తర్వాత, ముందు పార తీసుకుని గొట్టం చుట్టూ తవ్వాలి. ఆ తర్వాత ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, డి, ఆర్ మధ్య మెల్లగా మారుస్తూ బండిని ముందుకీ వెనక్కీ ఊపాలి. కంట్రోల్ ఆన్‌లో ఉంటే చక్రం జారిన ప్రతిసారీ పవర్ కోసేస్తుంది, బండి గుంటలోనే ఉండిపోతుంది. బయటపడి రోడ్డెక్కాక మాత్రం దాన్ని వెంటనే మళ్లీ ఆన్ చేయాలి.